జోడెద్దు చీటి

నందికొట్కూరు దగ్గర మా పల్లెలో వానలకు చర్చి కప్పు కూలింది. కొత్త కప్పు కోసం సంఘం పెద్దలు లాటరీ పెట్టారు. చీటి అణా, బహుమానం ఒక దాత ఇచ్చిన తెల్ల ఎద్దు. ఆరువందల చీట్లు చుట్టుపక్కల ఊళ్ళలో కూడా అమ్ముడుపోయాయి. అందులో ఒకటి దాసన్నది. ఆ ఒక్క చీటి అతని బుర్రను పురుగులా తొలిచేసింది.

దాసన్నకు ఉన్నది ఒంటెద్దు. విత్తనం వేసే గొర్రుకు జత కావాలి. అందుకని పక్క చేని వలి సాహెబు ఒంటెద్దుతో జోడు కట్టి ఇద్దరూ వంతులవారీగా విత్తుకునేవారు. వలి సాహెబుది త్వరగా ఆరిపోయే ఎర్రనేల కాబట్టి మొదటి వంతు ఎప్పుడూ అతనిదే. దాసన్న వంతు వచ్చేసరికి నేలలో విత్తడానికి కావలసిన తడి పదును సగం పోయేది. ఏటా ఆ మంట అతని కడుపులో ఉండేది.

బడి పంతులు దావీదురాజు దగ్గరికి పోయి అడిగాడు.

“ఎద్దు నాకొస్తాదా అయ్యవారూ?”

పంతులు ఒక చేటలో లెక్కగా ఆరువందల జొన్నలు పోయించి, ఒక్క గింజకు సున్నం పూసి కలిపాడు. “కండ్లు మూసుకోని ఒక గింజ తియ్యప్పా. సున్నం గింజ వస్తే ఎద్దు నీదే.”

దాసన్న చాలాసేపు తీశాడు. రాలేదు. అయినా అతను తగ్గలేదు.

“జొన్నలకు దేవుడు తెలీదు గదా అయ్యవారూ! మన చీటి తీసేముందు పాస్టరయ్య ప్రార్థన చేస్తాడు.”

పంతులు చేట తీసి లోపల పెట్టేశాడు. చీటి దేవుని చేతిలో ఉంటుందని ఆదివారం పిల్లలకు చెప్పేది ఆయనే మరి.

దాసన్న ఇంటికొచ్చి భార్య వరమ్మ ముందు తన లెక్క విప్పాడు.

“ఎద్దు అక్కర్లేనోళ్ళను తీసెయ్. ధాన్యం వ్యాపారి మహానందికి కొట్టం నిండా ఎద్దులే. మొగమాటానికి చీటి కొన్నాడు. దేవుడు ఆయప్పకెందుకిస్తాడు? అట్ల తీసేస్తా పోతే ఒంటెద్దోళ్ళం ఏడుమందిమే మిగిల్తాము.”

“ఆ ఏడుమందిలో నువ్వే ఎట్లయితావు?”

“దినామూ ప్రార్థన చేస్తాండా గదా!”

“తక్కినోళ్ళు చేయరని నీకెవరు చెప్పినారు?”

దాసన్న చీటిని మడిచి మళ్ళీ రొంటిన దోపుకున్నాడు. ధైర్యం మాత్రం తగ్గలేదు. మనిషి ఆశపడితే అంతే కదా!

శనివారం మంచి వాన పడింది. వలి సాహెబు వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు.

“ఈ ఏడు జోడు కడతామా దాసన్నా? ఒంటెద్దు హనుమన్న కూడా జోడుకు అడుగుతాండాడు. ఒక మాట చెప్పు.”

“హనుమన్నతోనే కట్టుకోప్పా. నాకు రేపు జోడెద్దు వస్తాండాది.”

వరమ్మ వెనకనుంచి చెయ్యి లాగింది. దాసన్న విదిలించుకున్నాడు. వలి సాహెబు అటునుంచే హనుమన్న ఇంటికి పోయాడు.

ఆదివారం పాస్టరుగారు కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ ప్రార్థించారు. ఆయన భార్య కృపమణి కళ్ళు మూసుకుని కుండలో చెయ్యి పెట్టి చీటి తీసింది. పేరు చదివారు. మహానంది! ఆయన అక్కడ లేనేలేడు. జీతగాడు వచ్చి ఎద్దును తోలుకుపోయాడు.

దాసన్నకు ఏడుపు రాలేదు. అసలేం జరిగిందో అర్థమైతే కదా ఏడవడానికి! తిన్నగా పంతులు దగ్గరికి పోయాడు.

“ఆరువందల్లో ఆయనదీ ఒకటి దాసన్నా,” అన్నాడు పంతులు.

“అంటే దేవుడు చూడలేదా?”

“చూడకేమి!”

“చూసే ఇచ్చినాడా?”

పంతులుకు ఉన్నట్టుండి గొడుగు ఎక్కడ పెట్టానో అన్న దిగులు పట్టుకుంది. వెతుక్కుంటూ లోపలికి పోయి మళ్ళీ రాలేదు.

మరునాడు వలి సాహెబు, హనుమన్న ఎద్దులు గొర్రు లాగుతున్నాయి. దాసన్నను చూసి వలి సాహెబు తలదించుకున్నాడు. “మాట ఇచ్చేసినానప్పా. మా రెండు చేన్లు అయినాక వస్తా.”

అప్పటికి పదును ఉండదని ఇద్దరికీ తెలుసు. అందుకే దాసన్న ఒకవైపు ఎద్దును కట్టి, రెండోవైపు కాడి తన మెడమీదే వేసుకున్నాడు. వరమ్మ గొర్రు పట్టుకుంది. నాలుగు సాళ్ళు పోయేసరికి అతని మెడ కమిలి ఎర్రబడింది. చేను మధ్యలో ఆగి వెనక్కి తిరిగాడు.

“నాకే వచ్చింటే, తక్కిన ఆరుమంది ఏమనుకుందురు? దేవుడు మమ్మల్ని చూడలేదనే గదా? మరి ఎవరికిచ్చినా దేవుడు మాట పడాల్సిందే గదా వరమ్మా?”

ఆ మెడను చూసి వరమ్మకు ఏడుపొచ్చింది. ఏడుపుతోపాటు ఒళ్ళు మండింది.

“ఆ మాట వలి సాహెబు వాకిట్లో నిలబడినప్పుడు అడగాల్సింది. నేల ఆరిపోతాండాది. లాగు!”

దాసన్న లాగాడు.