పచ్చి జీడికట్టెల పొగ

నారాయణమ్మ కొట్టి చూడందే ఏ కట్టెనీ పొయ్యిలో పెట్టదు. రెండు కట్టెలు తగిలిస్తే టంగుమనాలి. మెత్తగా పలికితే లోపల పచ్చి ఉన్నట్టే, ఎండలోకి విసిరేస్తుంది. అన్నానికి సరుగుడు, పప్పుకి చింత, రాజెయ్యడానికి కొబ్బరి మట్టలు. గ్యాస్ బండ చుట్టాలొచ్చినప్పుడే.

ఆ ఊళ్లో కట్టెల పొగ ఆకాశంలోకి పోదు. చెట్టు ఏ మట్టిలో పెరిగిందో అక్కడికే పోయి నిలబడుతుంది. అందుకే కట్టెల దొంగలు కూడా బాగా ఎండబెట్టి, పొగ రాకుండా కాల్చుకుంటారు.

బుధవారం పొద్దున్నే నాగరాజు ట్రాక్టరు మీద జీడికట్టెలు తెచ్చి వాకిట్లో దించాడు. అతను వాళ్ల పక్కతోట ఆసామి జనార్దనరావు దగ్గర పనిచేస్తాడు.

"బాబుగారు పంపించేరు పిన్నీ. వానలొచ్చేత్తన్నాయి కదా, వాడుకోమన్నారు."

"మా ముసిలోడు పోయిననాడు గుమ్మం తొక్కని బాబుకి, ఇయ్యాల నా పొయ్యి గుర్తొచ్చిందేటిరా?"

"నీకు మంచి సేసినా తప్పే. సర్వేయరు వత్తన్నాడు, తోట కాడ హద్దు కాయితం మీద సంతకం పెట్టేసి పో."

అతను వెళ్లాక కోడలు గౌరి నవ్వింది. "ఊరికే వచ్చిన కట్టెల్ని కూడా అనుమానిస్తావేటత్తా?"

"ఊరికే వచ్చినవాటినే ముందు సూడాలి."

కొడుకు గున్నయ్యని డయాలసిస్‌కి పలాస తిప్పడంతో పది రోజులుగా ఆమె తోటవైపు పోలేదు. ఉన్నది ఆ ముప్పై సెంట్ల జీడితోటే. జనార్దనరావు వైపు గట్టు వెంబడి భర్త నాటిన ఏడు చెట్లే హద్దు. రాయి అన్నది ఎవరూ పాతలేదు.

రెండు కట్టెలు కొట్టింది. మెత్తగా పలికాయి. మరోరోజైతే ఎండలోకి పోయేవే.

"సరుగుడు తీసెయ్యి. వీటిల్లో బాగా పచ్చివి ఏరి పెట్టు. నేనొచ్చేదాకా ఆర్పకు."

పొగ పెంకుల సందుల్లోంచి నల్లగా వచ్చి వీధి దాటింది. జనార్దనరావు తోటలోకి పోలేదు. నారాయణమ్మ దాని వెనకే నడిచింది.

గట్టు లేదు. చెట్లూ లేవు. మొదళ్లతో సహా పెకలించి చదును చేసేశారు. ఆమె తోటలోకి ఇరవై అడుగులు లోపలగా ముగ్గుగీత గీసి, కాగితం పట్టుకుని నిలబడ్డాడు జనార్దనరావు. ఇరవై ఏళ్లుగా గ్యాసు మీద వండిన అన్నం తింటున్నవాడు. కట్టెల పొగ ఎక్కడికి పోతుందో అతనికి ఎందుకు గుర్తుంటుంది? ఎవరూ కొనని పచ్చికట్టెలతో ముసలిదాని నోరు మూయొచ్చనుకున్నాడు.

పొగ గీత దాటి, అతని వెనకాల ఏడు చోట్ల స్తంభాల్లా లేచి నిలబడింది.

సర్వేయరు వాటివైపు చూశాడు. టేపు తీసుకుని అటు నడిచాడు.

"నాగరాజూ, పోయి ఆ పొయ్యి ఆర్పమని చెప్పు," అన్నాడు జనార్దనరావు.

నాగరాజు కదల్లేదు.

"మా ఇంట్లో అన్నం ఉడకొద్దా బాబూ?" అంది నారాయణమ్మ.

పొగ పొడుగునా నాలుగు రాళ్లు పాతించారు. నాలుగింటినీ ఊపి చూసుకుని గానీ ఆమె ఇంటికి రాలేదు. అప్పటికి అన్నం మాడిపోయింది. ముగ్గురూ అదే తిన్నారు.