ఒక్క టేకులో అయిపోయిన సీను

మా అక్క అఫ్రాకోమాకు యాభై దాటేదాకా రాసిచ్చిన డైలాగు చదవాల్సిన అవసరం రాలేదు. మా కుమాసి ఊళ్ళో తీసే సినిమాలకు కాగితాలుండవు. డైరెక్టరు వచ్చి, "అమ్మా, నువ్వు అత్తవి. వీడు పనీపాటా లేని అల్లుడు. పిల్ల నగలడగడానికొస్తాడు, నువ్వివ్వవు. ఊఁ, కానీ" అంటాడు. అంతే. మిగతాదంతా అక్క నోటి చలవ.

"మీయమ్మ నిన్ను ఫుఫూ ముద్దలు పెట్టి పెంచిందా, మేకలకేసే కసావా దుంప తొక్కలేసి పెంచిందా?" అని ఆవిడ అడిగితే కెమెరా పట్టుకున్నవాడి భుజాలు నవ్వుతో ఊగేవి. ఆ మాటతో బంతామా సంతలో ఆడవాళ్ళు నెల్లాళ్ళపాటు ఒకరినొకరు దెప్పుకునేవారు.

పదిహేడో ఏట అక్క ఊరూరా తిరిగే నాటకాలవాళ్ళ లారీ ఎక్కి వెళ్ళిపోయింది. మా నాన్న ఆరు నెలలు దాని పేరెత్తనివ్వలేదు. తర్వాత వీడియో సినిమాలొచ్చాయి. వారానికొకటి తీసేవారు. అత్తగా, రాణిగా, మంత్రగత్తెగా, అన్నింట్లోనూ అక్కే. నేను దర్జీని. ఆవిడ కట్టిన ప్రతి బట్టా నా చేతిలోంచి వెళ్ళిందే.

అప్పుడు రాజధాని అక్రా నుంచి టీవీ సీరియలువాళ్ళు వచ్చారు. డైరెక్టరు న్యార్కో మర్యాదస్తుడు, చదువుకున్నవాడు. అక్కను పెద్దింటి తల్లి పాత్రకు తీసుకున్నాడు. ప్రతి భాగానికీ ముందే పేజీలు పంపేవాడు.

ఆ పేజీల దగ్గరే బయటపడింది. పొద్దున్న వల్లించింది మధ్యాహ్నానికి ఉండేది కాదు. అంతకు రెండేళ్ళ ముందునుంచే జబ్బు మొదలైందని నాకిప్పుడు తెలుస్తోంది. సినిమాల్లో ఒకే మాట రెండుసార్లంటే అది ఆవిడ విసురనుకున్నాం. కొడుకు వేషగాడి పేరు మరిచిపోయి "ఒరే ఏబ్రాసీ" అని పిలిస్తే పడీపడీ నవ్వాం.

పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరు నన్నొక్కదాన్నే లోపలికి పిలిచాడు. "మతిమరుపు జబ్బమ్మా. పెరగడమే గానీ తగ్గదు. కొత్తవి ముందు పోతాయి, పాతవి మీదికొస్తాయి" అన్నాడు.

బయట బెంచీ మీద కూర్చున్న అక్కకు నా మొహం చూడగానే అర్థమైపోయింది.

"ఎవరికీ చెప్పకే, ఓఫొరీ" అంది.

"ఎన్నాళ్ళు దాస్తామే?"

"కెమెరా ముందు నుంచి లేపేస్తే నన్నెక్కడ కూర్చోబెడతావ్? నీ కుట్టుమిషను పక్కనా? ఒట్టెయ్యి."

ఒట్టేశాను. ఆ రోజు నుంచి తెర వెనకాల కూర్చుని ఆవిడ మాటలు గుసగుసగా అందించడం నా పనైంది. ఆరేడు భాగాలు అలాగే నెట్టుకొచ్చాం. ఒకరోజు ఆవిడ సెట్లోనే, "ఎవరే ఆ మూల గొణిగేది? ఎలకా?" అని అరిచింది. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాల్సి వచ్చింది.

ఇక ఆగలేక ఒట్టు తప్పి న్యార్కోతో చెప్పేశాను.

"ఇంకా నాలుగే భాగాలు పిన్నీ. కథంతా ఆవిడ మీదే నడుస్తోంది. కష్టమైనవన్నీ కత్తిరిస్తాను. నేను చూసుకుంటాగా" అన్నాడు. నిజంగానే చూసుకుంటాడనుకున్నాను.

మిగిలినవాటిలో శవం సీను ఒకటుంది. కథలో పెద్దింటావిడ కూతురు చనిపోతుంది. మా పద్ధతిలో ముస్తాబు చేసి పడుకోబెట్టిన శవం దగ్గరికొచ్చి తల్లి ఒక్క మాటా లేకుండా ఏడవాలి. మాటల్లేవు కదా, సులువేనని న్యార్కో దాన్ని ఉంచేశాడు. నాకూ సులువనే అనిపించింది. చావింటికి కట్టే నల్లబట్ట కట్టి, తలకు ఎర్రగుడ్డ చుట్టి, నా చేతులతో నేనే పంపాను.

ఇత్తడి మంచం మీద తెల్లటి లేసుబట్టల్లో ఒక కొత్త పిల్ల కళ్ళు మూసుకుని పడుకుంది. అక్క గుమ్మంలో ఆగింది. ఒక్కో అడుగే వేసుకుంటూ వచ్చి మంచం పక్కన కూలబడింది.

"ఆదొమా" అంది.

కథలో ఆ పేరు లేదు. ఆదొమా అంటే మా అక్క కన్న ఒక్కగానొక్క పిల్ల. తొమ్మిదేళ్ళకు జ్వరంతో పోయింది. అక్క అప్పుడు ఉత్తరాన ఎక్కడో షూటింగులో ఉంది. ఫోన్లు లేని రోజులు. ఆవిడ ఇల్లు చేరేసరికి పిల్లను పూడ్చి మూడు రోజులైంది. చిన్నపిల్లల శవాన్ని ఉంచకూడదని పెద్దవాళ్ళు తొందరపెడితే స్నానం చేయించి పంపింది నేనే.

"ఈసారి నా కోసం ఆగావా తల్లీ? ఈసారి ఉంచారా నిన్ను?" అంటూ అక్క ఆ పిల్ల పాదాలు పట్టుకుంది. "లారీ దొరకలేదే. నడిచొచ్చేద్దామనుకున్నా. నీళ్ళు తెండర్రా ఎవరైనా! నా బిడ్డకి నేనే పోస్తా."

నేను లేచాను. న్యార్కో నా వైపు చూడకుండానే అరచెయ్యి చూపించి ఆగమన్నాడు. కెమెరాను ఇంకా దగ్గరికి జరపమన్నాడు. నేనొక్క కేక వేసుంటే ఆగిపోయేది. ఎందుకు వెయ్యలేదని ఇప్పటికీ నన్ను నేనే అడుగుతుంటాను. అక్క మొహంలో ఉన్నది ఏడుపొక్కటే కాదు. వేళకు చేరుకున్న తల్లి నెమ్మది కూడా ఉంది. దాన్ని లాక్కోవడానికి నాకు మనసొప్పలేదు.

అక్క తలగుడ్డ విప్పి, కళ్ళనీళ్ళతో తడిపి, ఆ పిల్ల వేళ్ళు ఒక్కొక్కటే తుడిచింది. ఆ పిల్ల కదలకుండా బిగుసుకుని పడుకునే ఉంది గానీ మూసిన రెప్పల కింద నుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి.

"కట్!"

సెట్టంతా లేచి చప్పట్లు కొట్టింది. మంచం మీది పిల్ల లేచి కూర్చుని అక్కను గట్టిగా వాటేసుకుంది. అక్క కెవ్వుమంది. దాన్ని తోసేసి నా కోసం వెతుక్కుంది.

"చావింట్లో చప్పట్లేమిటే? పిల్లేది? ఎక్కడికి తీసుకుపోయారు?"

న్యార్కో కళ్ళు తుడుచుకుంటూ వచ్చాడు. "పిన్నీ, నా జన్మలో ఇలాంటిది చూడలేదు."

"చూశావుగా. ఇక ఇంటికి పంపించు" అన్నాను.

ఆ భాగం వచ్చిన రోజు దేశమంతా ఏడ్చింది. ఆ ఏడు బహుమతి కూడా ఇచ్చారు. అక్క బదులు న్యార్కో అందుకుని ఇంటికి తెచ్చాడు. అక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, బరువుగా ఉంది, తలుపుకడ్డం పెట్టుకోమంది. ఆయన నవ్వబోయి ఆపుకున్నాడు. తలవంచుకుని వెళ్ళాడు. మళ్ళీ రాలేదు.

ఇప్పుడు రోజూ పొద్దున్నే అడుగుతుంది. "ఆదొమాకి స్నానం సగంలో ఉంది. ఎక్కడ పెట్టార్రా నా బిడ్డని?"

మొదట్లో నిజం చెప్పాను. పోయి ముప్ఫై ఏళ్ళయిందే అన్నాను. అప్పుడే విన్నట్టు నేలమీద పడి దొర్లింది. మర్నాడు మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాను. మళ్ళీ అంతే. నాలుగో రోజుకి ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"బడికెళ్ళిందే" అన్నాను.

"అన్నం తిన్నదా?"

"తిన్నది."

అప్పటి నుంచీ అదే చెబుతున్నాను. ఆ మాట విని అక్క ముక్కాలిపీట తీసుకెళ్ళి గుమ్మంలో వేసుకుని పిల్ల కోసం కూర్చుంటుంది. దారినపోయే ఆడవాళ్ళు గుర్తుపట్టి, "అమ్మా, ఆ రోజు మమ్మల్నెంత ఏడిపించావమ్మా!" అంటారు. అక్క వాళ్ళకు నవ్వుతూ చెయ్యూపుతుంది. బడి విడిచే వేళకు ఎందుకు కూర్చుందో మరిచిపోయి, ఎండ కొడుతోందని లోపలికొచ్చేస్తుంది.