పగలు ఇంట్లో ఎవరూ ఉండరట

నేతపనికి వలస వెళ్లినవాళ్ల పేట ఉధ్నాలోని ఒక అద్దె గదిలో మధ్యాహ్నం రెండు గంటల వేళ, అడ్డంగా కట్టిన పాత చీర వెనుక సుమన్ నిద్రపోతున్నాడు. రాత్ పాళీలో పన్నెండు గంటలు మరమగ్గాల సాంచాలు నడిపి పొద్దున వచ్చి పడుకున్న మనిషి. పక్కన తడిగుడ్డ మీద పది నెలల కూతురు. పైన రేకుల కప్పు. చీరకు ఇవతల సుమన్ తండ్రి సోమలింగం, ఆల్థాన్ పేట నుంచి వచ్చిన ఇంజనీరు నరహరి ఎదుట చేతులు కట్టుకుని కూర్చున్నాడు. కోడలు నీరజ గోడవారగా నిలబడింది.

"జర మెల్లగ మాట్లాడు బిడ్డా, కొడుకు పండుకున్నడు" అన్నాడు సోమలింగం.

నరహరి గొంతు తగ్గించాడు. గొంతు తగ్గింది గాని గొప్ప తగ్గలేదు.

ఊరి చివర ఉన్ అనే పేటలో వాళ్లు చిన్న ఇల్లు కట్టుకుంటున్నారు. పునాది అయింది, ఎల్లుండి గోడలు మొదలు. పదిహేను రోజుల కింద ఈ రేకుల వేడికి పాప కళ్లు తేలేసింది. మూడు రోజులు సెలైన్ ఎక్కించి, "పిల్లను చల్లటి చోట ఉంచండి, మళ్లీ ఇట్లా అయితే కష్టం" అని చెప్పి పంపాడు డాక్టరు. అప్పటి నుంచి నీరజకు ఒకటే దిగులు, కొత్త ఇల్లు కూడా ఇలాంటి కొలిమే అయితే పిల్లను ఎక్కడ పెట్టుకోవాలని. ఇల్లు కట్టకముందే దానిలో వేడి ఎంత నిలుస్తుందో, కరెంటు ఎంత కాలుతుందో లెక్కగట్టే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్లు ఉన్నాయని ఎవరో చెబితే నరహరిని పిలిపించారు.

అతని దగ్గర రెండు రకాలున్నాయి. మొదటిదానికి ఊరు పేరు, గదుల కొలతలు చెబితే చాలు, పది నిమిషాల్లో రంగురంగుల ఇంటి బొమ్మ వస్తుంది, కింద మార్కుల్లా ఐదు నక్షత్రాలు. రెండోదానికి రంగుల్లేవు. ఏ గదిలో ఎవరు ఏ వేళకు ఉంటారు, ఏ కిటికీకి ఎండ ఎప్పుడు తగులుతుంది అని వరసపెట్టి ప్రశ్నలే.

"గా బొమ్మదే చెయ్యి" అన్నాడు సోమలింగం. "గృహప్రవేశం నాడు హాల్ల పెడదం. మనోళ్లల్ల ఎవ్వలింట్ల లేదు గిసోంటిది."

నలభై ఏళ్లు బట్ట నేసిన మనిషి అతడు. గుడ్డ ముక్క చేతికొస్తే తిరగేసి అల్లిక చూడనిదే కింద పెట్టడు. కంప్యూటర్ తెర కనబడగానే ఆ బుద్ధి ఎటు పోయిందో.

బొమ్మ వచ్చింది. పడమటి పడకగదికి రోడ్డువైపు నిలువెత్తు అద్దాల కిటికీ. ఇల్లంతా చల్లన అన్నట్టు ఆకుపచ్చ రంగు.

"పడమటి దిక్కు గంత అద్దం పెడితె గది సల్లగ ఎట్లుంటదన్నా?" అని అడిగింది నీరజ.

"భాభీ, గిది సాఫ్ట్‌వేర్. మనకన్న దానికే ఎక్కువ తెలుసు. మీరెంత దాక చదివిండ్రు?"

"ఎనిమిది."

"మరి" అని నవ్వాడు నరహరి. మామ కూడా నవ్వాడు. కోడలిగా తెచ్చుకుని చదువు మానిపించిన వాళ్లకే ఆ చదువును చూసి నవ్వు రావడం ఈ లోకంలో వింతేమీ కాదు.

నీరజ తెర దగ్గరికి వంగింది. ఇంటి గుర్తు పక్కన గడియారం అంకెలు కనిపించాయి. "తొమ్మిది నుంచి ఆరు దాక గీడ సున్న ఉన్నది. ఏందన్నా గిది?"

"గప్పుడు ఇంట్ల ఎవ్వరుండరని. అందరు ఆఫీసుకు పోతరు గద. ఖాళీ ఇంటి వేడి లెక్కకు రాదు."

సోమలింగం తల ఊపాడు. చీర వెనుక సుమన్ గురక పెట్టాడు.

నీరజ అడ్డం కట్టిన చీరను పక్కకు లాగింది. సుమన్ వీపంతా చెమట. పాప మెడ నిండా చెమటకాయలు.

"మరి గీయన ఎవ్వలో జర చూసి చెప్పన్నా" అంది.

నరహరి చూపు తెర మీదికి తిప్పుకున్నాడు. "దీంట్ల టైములు మార్వరాదు భాభీ. గట్లనే వస్తది."

"గట్లయితె గిది మా ఇల్లు కాదు. ఆఫీసుకు పోయేటోళ్ల ఇల్లు." మామ వైపు తిరిగింది. "నలభై ఏండ్లు నువ్వు పగలే పండుకున్నవు గద మామా. పగలు ఇంట్ల ఎవ్వరుండరని గాయన అంటుంటె తల ఎట్ల ఊపినవు?"

సోమలింగం కొడుకు చెమట వీపు వంక చూశాడు. తర్వాత నరహరితో "రెండోది తియ్యి" అన్నాడు.

గంటకు పైగా ప్రశ్నలు. ఏ ఒక్కదానికీ ఇంజనీరుకు జవాబు తెలియదు, అన్నీ నీరజకే తెలుసు. మధ్యాహ్నం మూడింటికి ఆ పడమటి గదిలో నలభై ఒక్క డిగ్రీలని తేలింది. పడకగదిని ఉత్తరానికి మార్చి, అద్దం తీసేసి చిన్న కిటికీకి సజ్జా వేసి, స్లాబు మీద తెల్ల పెంకులు పరిస్తే పడకగదిలో వేడి ఐదు డిగ్రీలు తగ్గింది. నీరజ మరోసారి లెక్క వేయించింది. అంతే వచ్చింది.

"శానా మందికి గా బొమ్మదే చేసిచ్చిన కాకా, ఎవ్వరు అడగలే" అన్నాడు నరహరి, తప్పంతా అడగనివాళ్లదే అన్నట్టు. ఆ ఐదు నక్షత్రాల ఇళ్లలో ఎందరు రాత్ పాళీ మనుషులు పట్టపగలు ఉడుకుతున్నారో అతనికి అక్కర్లేదు.

సోమలింగం అతని వైపు చూడకుండానే అన్నాడు. "రంగులు చూసి మిషిన్‌ను మెచ్చుకునుడు మా తప్పు. ఎంత పెద్ద మిషినైనా, ఇంట్ల ఎవ్వలు ఎప్పుడు ఉంటరో ఆ ఇంటి ఆడిదాన్ని అడగకుంట చేసిన లెక్క, లెక్కనే కాదు."