రిబ్బన్ కత్తిరించని మిషను

మా చెల్లి మేరిమ్ మా రాజధాని బిష్కెక్‌లో సిటీ బస్సు నడిపేది. దాని నోటికి జడిసి టిక్కెట్టు లేకుండా ఎవడూ ఎక్కేవాడు కాదు. ఆ శరదృతువులో ఓ ఆదివారం మా ఇంటికి టీకి వచ్చింది. చొక్కా చేతులు పైకి మడిస్తే మోచేతుల దాకా నల్లగా కమిలిన మచ్చలు.

"ఎవడు కొట్టాడే?" అన్నాను.

"నన్ను కొట్టేవాడు ఇంకా పుట్టలేదు గానీ, ఆ జామ్ ఇటు జరుపు అక్కా."

ఆ రాత్రి మా ఇంట్లోనే పడుకుంది. మర్నాడు పొద్దున్న పళ్ళు తోముకుంటే దాని చిగుళ్ళ నెత్తురు ఆగలేదు. తువ్వాలు నోటికి అదిమిపెట్టి ఆస్పత్రికి తీసుకెళ్ళాను.

అక్కడ రక్తరోగాల డాక్టరు తోతుగుల్. సన్నగా, నిద్రలేని కళ్ళతో ఉండే మనిషి. తుంటి ఎముకలో సూది దించి మజ్జ తీసింది. సూక్ష్మదర్శినిలో చాలాసేపు చూసి నన్ను వరండాలోకి పిలిచింది.

"రక్త క్యాన్సరే, జిపార్. అందులో ఒక రకం ఉంది. పట్టుకోకపోతే లోపల్లోపలే నెత్తురు కారి మనిషి చూస్తుండగా పోతుంది. పట్టుకుంటే మాత్రం నోటి మాత్రలు, సెలైనులో ఎక్కించే మందు, అంతే. చాలామంది లేచి తిరుగుతారు. నాకు అదే అని అనుమానం. మజ్జలోని జన్యువులు పరీక్షిస్తే ఖాయంగా తేలుతుంది. రెండు క్రోమోజోముల ముక్కలు తెగి ఒకదాని చోట ఒకటి అతుక్కుని ఉంటాయి."

"అయితే పరీక్షించండి డాక్టరుగారూ!"

ఆమె వరండా చివరికి చూసింది. అద్దాల గదిలో జన్యువులు పరీక్షించే కొత్త మిషను. ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. తలుపుకు అడ్డంగా ఎర్ర రిబ్బన్.

ఇద్దరం కలిసి ఆస్పత్రి పెద్ద ఎమిల్‌బెక్ గదికి వెళ్ళాం. ఆయన గుర్రపు మాంసం ముక్కలు తింటున్నాడు. వేళ్ళ మీద కొవ్వు మెరుస్తోంది. మమ్మల్ని కూర్చోమనలేదు.

"మంత్రిగారు వచ్చి రిబ్బన్ కత్తిరించాలి కదమ్మా. ఆయన విదేశాల్లో ఉన్నారు. ఈలోపే వాడేస్తే పెళ్ళికి ముందే కాపురం పెట్టినట్టుండదూ?" అని తన హాస్యానికి తనే పొట్ట ఊపుకుంటూ నవ్వాడు.

"పోనీ మాత్రలన్నా ఇప్పించండి. అనుమానం ఉన్నప్పుడే మొదలుపెట్టాలి. ఆగకూడదు," అంది తోతుగుల్.

"ఖరీదైన మందు. రుజువు కాగితం తెచ్చి పట్టుకెళ్ళు."

"రుజువు ఆ మిషనులో ఉంది."

"మిషను రిబ్బన్ వెనకాల ఉంది." వేళ్ళు ఒక్కొక్కటీ నాక్కున్నాడు.

ఇద్దరం వరండాలోకి వచ్చాం. తోతుగుల్ నా భుజం మీద చెయ్యి వేసింది.

"సరిహద్దు అవతల అల్మాటీలో నా స్నేహితురాలికి ల్యాబు ఉంది. మజ్జ ఉన్న గొట్టం నువ్వు తీసుకెళ్తావా? పోస్టును నమ్మను."

ఐసు పెట్టిన డబ్బాలో మజ్జ గొట్టం పెట్టుకుని షేర్ టాక్సీ ఎక్కాను. సరిహద్దు దగ్గర కజక్ సిపాయి డబ్బా మూత తీయమన్నాడు. "నా చెల్లెలి ఎముకలోది, బాబూ," అన్నాను. వాడు మూత మీద చెయ్యి తీసేసి, "వెళ్ళమ్మా, త్వరగా వెళ్ళు," అన్నాడు. ఆ ప్రయాణంలో నాకు ఎదురైన మొదటి మనిషి వాడే అనిపించింది.

ల్యాబులో వాళ్ళు నిద్ర మానుకుని పరీక్ష చేశారు. తోతుగుల్ అనుమానమే నిజం. కాగితం ఫోటో ఫోనులో పంపాను. అప్పుడు ఆస్పత్రిలో మందుల బీరువా తాళం తీశారు. కానీ ఈలోపే మేరిమ్ ఎడమ కంట్లో నెత్తురు దిగింది. నేను తిరిగి వచ్చేసరికి అది మంచం మీద కూర్చుని, అరచేతిని ఆ కంటికి అడ్డంపెట్టి తీసి, అడ్డంపెట్టి తీసి చూసుకుంటోంది.

"రెండూ ఒకలాగే ఉన్నాయే అక్కా. చెయ్యి ఉన్నా చీకటే, తీసినా చీకటే."

మందు పనిచేసింది. చిగుళ్ళు ఆరాయి, మచ్చలు పచ్చబడి పోయాయి. సెలైనులో ఎక్కించే మందు ఆర్సెనిక్ అని తెలిసి, "విషం పెడుతున్నారా?" అని అడిగింది మేరిమ్. "నీ నోటికి అదొక్కటే సరిజోడు," అంది తోతుగుల్. చలికాలం పోయేసరికి రక్తంలో జబ్బు కణం కనిపించలేదు. కన్ను మాత్రం రాలేదు. ఒంటికన్నుతో బస్సు ఇవ్వరు కదా. లైసెన్సు తీసేసుకున్నారు.

ఆ వసంతంలో మంత్రిగారు వచ్చారు. ముందురోజు ఎమిల్‌బెక్ కెమెరా మనిషిని వెంటబెట్టుకుని, మేరిమ్ మిగిలిన మందు ఎక్కించుకుంటున్న వార్డుకొచ్చాడు.

"మేరిమ్ బంగారం! మన మిషను పట్టుకున్న మొట్టమొదటి కేసువి నువ్వే. ఇంకోసారి తుంటిలో చిన్న సూది. కెమెరా కోసం, అంతే."

"నా చేత్తో గుచ్చను. ఎవరైనా గుచ్చితే ఊరుకోను," అంది తోతుగుల్, మంచానికి అడ్డంగా నిలబడి.

"సరేలే, పక్కన నిలబడి నవ్వితే చాలు."

నేను పొమ్మని అరవబోయాను. మేరిమ్ నా చెయ్యి పట్టుకుంది. "వస్తా," అంది.

మర్నాడు మంత్రిగారు రిబ్బన్ కత్తిరించారు, అందరూ చప్పట్లు కొట్టారు. మైకు మా చెల్లి ముందు పెట్టారు. అది మొదట చక్కగా నవ్వింది. తర్వాత బస్సులో గొంతెత్తినట్టే చెప్పింది:

"నా జబ్బు ఈ మిషను పట్టుకోలేదు. అల్మాటీలో పట్టుకున్నారు. నా కంట్లో నెత్తురు దిగుతుంటే ఇది ప్లాస్టిక్ కప్పుకుని పెద్దమనిషి కోసం ఎదురుచూస్తోంది. సిగ్గుంటే వచ్చే రోగికైనా విప్పండి."

మంత్రిగారు గడియారం చూసుకున్నారు. ఎమిల్‌బెక్ మెడ దాకా ఎర్రబడ్డాడు. నాకు ఆ పూట కడుపు నిండినట్టయింది.

సాయంత్రం మా ఇంట్లో అందరం టీవీ ముందు కూర్చున్నాం. రిబ్బన్ వచ్చింది, చప్పట్లు వచ్చాయి. తర్వాత మేరిమ్ ముఖం. నవ్వు మాత్రమే ఉంచారు. దాని మాట ఒక్కటీ లేదు. నవ్వు మీద ఎవరిదో తియ్యని గొంతు: "ఈ యువతి ప్రాణాన్ని కాపాడింది మన ఆస్పత్రి కొత్త మిషనే." పక్కనే ఎమిల్‌బెక్ గుండె మీద చెయ్యి పెట్టుకుని తల వంచాడు.

లేచి నోట్లో టీ సింకులో ఉమ్మేశాను.

అంతలో నరీన్ నుంచి మా బాబాయి ఫోను. ముసలాయన సంతోషంతో అరుస్తున్నాడు. "టీవీలో చూశామే తల్లీ! ఊరంతా చూసింది! ఆ పెద్దడాక్టరు నూరేళ్ళు చల్లగా ఉండాలి. గొర్రెను కోసి ఆయన పేరున ప్రార్థన చేయించాం!"

నేను ఫోను లాక్కుని కడిగేద్దామనుకున్నాను. మేరిమ్ ఇవ్వలేదు. అటు తిరిగి, మంచి కంటితో కిటికీలోంచి బస్సుల రోడ్డు చూస్తూ, "బాబాయ్, మాంసం పంచేశారా?" అని అడిగింది.

"పంచేశామమ్మా."

"అయితే ఇంకో గొర్రెను చూడండి. తోతుగుల్ అని ఒకావిడ ఉంది. ఆవిడ పేరు టీవీలో రాలేదు. నేను చెప్తాను, వినండి."

ఆస్పత్రిలో మిషను ఇవాళ్టికీ నడవడం లేదట, అందులో పోసే రసాయనాలు కొనలేదట. రోగుల గొట్టాలు అల్మాటీకే వెళ్తున్నాయి. ఎమిల్‌బెక్‌కు మాత్రం పతకం వచ్చింది.