వీరబ్రహ్మం గాలి మిషను

తొంభై ఏడులో సార్వా వరి కోతలు మొదలయ్యేసరికి, మండపేట రోడ్డు పక్కన వెల్డింగు షాపు నడిపే వీరబ్రహ్మం ఒక ఫ్యాను తయారుచేశాడు. పాత సైకిలు పెడళ్లు, చైను, రేకు రెక్కలు. తొక్కితే గాలి వస్తుంది. బయట గాలి లేని రోజున కూడా కళ్లంలో ధాన్యం తూర్పారబట్టుకోవచ్చు. అయితే చైను జారుతోంది, రంగు వెయ్యలేదు. ఇంకో నెల పనుందనుకున్నాడు.

"నెల పోతే కళ్లాల్లో ధాన్యమే ఉండదు," అంది భార్య సూర్యకళ. "ఎలా ఉన్నదాన్ని అలా పట్టుకెళ్లండి. బాగోపోతే ఏం బాగోలేదో వాళ్లే చెప్తారు."

ఊళ్లో రైతు పల్లంరాజు గారి కళ్లంలో మూడు రోజులుగా ఆకు కదలడం లేదు. కూలీలు చేటలు పక్కన పెట్టి కూర్చున్నారు. వీరబ్రహ్మం రిక్షాలోంచి ఫ్యాను దింపించి, తనే ఎక్కి తొక్కాడు. పాపాయి అనే కూలీ మనిషి చేట ఎత్తి ధాన్యం జారవిడిచింది. తాలు ఎగిరిపోయింది. దాంతోపాటు గట్టి గింజలూ ఎగిరి గడ్డిమేటు మీద పడ్డాయి.

అందరూ నవ్వారు. "ఏంటయ్యా, తాలుతో పాటు పంట కూడా పంపించేస్తున్నావు?" అన్నారు పల్లంరాజు గారు.

వీరబ్రహ్మానికి చెవులు వేడెక్కాయి. దిగిపోబోయాడు. పాపాయి మాత్రం నవ్వలేదు.

"గాలి బాగానే ఉందండి. మరీ దగ్గరయ్యింది. నాలుగడుగులు వెనక్కి జరపండి. తొక్కుడు కూడా ఓసారి విసురుగా, ఓసారి నెమ్మదిగా ఉంటే నాకు చెయ్యి కుదరట్లేదు."

వెనక్కి జరిపి, మనసులో లెక్కపెట్టుకుంటూ ఒకే తీరున తొక్కాడు. ఈసారి గింజ తిన్నగా రాశి మీద పడింది, తాలు తేలిపోతూ పక్కకి పోయింది. పాపాయి ఇంకో చేట ఎత్తింది, ఆపైన ఇంకోటి. చైను మూడుసార్లు జారింది. మూడుసార్లూ పల్లంరాజు గారే వంగి పట్టుకున్నారు, పంచె నిండా గ్రీజు చేసుకుని. పొద్దు వాలేలోపు ధాన్యమంతా తూర్పారబట్టడం అయిపోయింది.

ఇంటికెళ్లే దారంతా వీరబ్రహ్మానికి ఒకటే ఆలోచన. తొక్కుడు ఒకేలా ఉండాలంటే బరువైన చక్రం కావాలి. మర్నాడు పొద్దున్నే పాత మిల్లు సామానులోంచి ఇనుప చక్రం ఒకటి తెచ్చి బిగించాడు. ఒకసారి తిరగడం మొదలెడితే కాలు ఆపినా చక్రం తిరుగుతూనే ఉంది. సంతోషం పట్టలేక సూర్యకళని కేకేసి పిలిచాడు. రెండో ఫ్యాను తొక్కేటప్పుడు పాపాయి చీర చెంగు చైనులో పడింది. మూడోదానికి చైను మీద రేకు కప్పు వచ్చింది. ప్రతిదాన్నీ ముందు పాపాయి చేటకే చూపించేవాడు. ఆవిడ సరేనన్నాకే రంగు.

కోతలయ్యేలోపు తొమ్మిది ఫ్యాన్లు కళ్లాలకెళ్లాయి. పదోదాని కోసం రామచంద్రపురం నుంచి ఒక రైతు ట్రాక్టరు వేసుకుని వచ్చాడు.

"ఇందులో లోపం ఏమీ లేదు కదండీ?"

"ఉందండి. మోత ఎక్కువ," అన్నాడు వీరబ్రహ్మం. "ఇంకేమైనా కనబడితే వచ్చి చెప్పండి."

రైతు వంగి పెడల్ని చేత్తో తిప్పి చూశాడు. ఈలోగా సూర్యకళ పాత టైరు ముక్కలు కోసి తెచ్చింది. "ఇవి దాని కాళ్ల కింద పెట్టి చూడండి, మోత తగ్గుతుందేమో," అంది.

వీరబ్రహ్మం అప్పటికే కింద కూర్చుని నట్లు విప్పుతున్నాడు.