బిట్ మీద ఆకురాయి గీతలు

నేను ఒక సోల్డరింగ్ ఐరన్ బిట్‌ను. ఐరన్ చివర బిగించే వేలెడంత మొనను. ఈ క్షణాన మూడు వందల యాభై డిగ్రీల వేడి మీద ఉన్నాను. అయినా నా మీద సీసం నిలవడం లేదు. ముద్దకట్టి, జారి, బల్ల మీద పడుతోంది.

షాపులో రిపేర్లు చేసే మంగతాయారు మళ్లీ సీసం తీగ ఆనించింది. మళ్లీ జారింది.

బల్లకు అవతల నిలబడ్డ వరహాలరాజు గారు గడియారం చూశారు. నాలుగు.

"తాయారమ్మా, చీకటి పడేలోపు ఏరియేటర్లు తిరక్కపోతే నా చెరువు పోయినట్టేనండి. నాలుగెకరాల రొయ్య! నీళ్లలో గాలి అందక తెల్లారేసరికి మొత్తం తేలిపోద్దండి."

ఆయన తెచ్చిన కంట్రోల్ బోర్డులో, మోటార్లకు కరెంటు కలిపే రిలే కాలు ఒకటి ఊడింది. ఒక్క చుక్క సీసం పడితే చాలు. అర నిమిషం పని. ఆ చుక్కే నేను మొయ్యలేకపోతున్నాను. నాకు బదులుగా ఇంకొకటి విజయవాడ నుంచి రావాలి, అదీ రేపటికి.

ఆరు వారాల క్రితం నేను ఇలా లేను. లోపల రాగి, పైన ఇనుప పూత, చివర వెండిలా మెరిసే సీసం. భీమవరంలో కామేశ్వరాచారి గారి రిపేరు షాపుకు వచ్చిన రోజున మంగతాయారు నన్ను చూసి ముచ్చటపడింది. ఆ అమ్మాయి చేతిలో నాకు లోటు లేదు. పని మధ్యలో తడి స్పాంజీకి ఒక్కసారి ఆనించి తీసేది. సాయంత్రం స్విచ్ ఆపే ముందు మొనకు నిండుగా సీసం పూసేది. ఆ పూత కప్పుకుని చల్లారితే నాకు తుప్పు భయం లేదు.

కానీ తెల్లారి ఆమె వచ్చేలోపు ఒకరు నన్ను ఆకురాయితో రాకేవారు. రోజూ. ఆ వేళ్ల పట్టు నాకు బాగా తెలుసు. చెప్పడానికి నోరే లేదు.

"ఆ తడి స్పాంజీ వల్లేనే అమ్మాయ్. కాలే బిట్టుకు నీళ్లు తగిలిస్తే ఏమవుద్ది?" అన్నారు ఆచారి గారు, బల్ల మీద జారిపడ్డ సీసం చూసి.

"స్పాంజీ కాదు మాస్టారూ. పక్క సైకిల్ షాపు సూరి మన ఐరన్ అడిగి పట్టుకెళ్తాడుగా, వాడే ఏదో చేసుంటాడు."

నేరస్థుడు తమ బల్ల దగ్గరే ఉండవచ్చని మనుషులకు చివరిదాకా తోచదు.

మంగతాయారు నన్ను చల్లార్చి భూతద్దం కింద పెట్టింది. ఇనుప పూత పోయి రాగి బయటపడింది. ఆ రాగిని సీసం తినేసి గుంట చేసింది. గుంట చుట్టూ నల్లటి చిలుము. పక్కనే సన్నటి గీతలు, వరసగా.

"ఎవరో ఆకురాయి పట్టారు మాస్టారూ!"

"పడితే మంచిదేగా? మెరుస్తుంది."

"పాత బిట్లైతే మొత్తం రాగేనండి, ఎంత రాకినా రాగే. దీనికి పైన పూత ఉంటది. మీ నాన్నగారు ఇత్తడి గిన్నెలకి కళాయి వేసేవారని చెప్తారుగా. కళాయి వేసిన గిన్నెను ఎవరైనా ఆకురాయితో రాకుతారా?"

ఆచారి గారు సొరుగు లాగి, చెక్కపిడి ఉన్న పాత ఐరన్ ఒకటి తీశారు. దానికి ఉన్నది లావాటి రాగి బిట్. కర్ర్, కర్ర్ మని నాలుగుసార్లు ఆకురాయి పట్టారు. వేడెక్కాక, సీసం అంటుకునేందుకు వాడే పేస్టులో ముంచి సీసం తాకించారు. రాగి మొన తళుక్కున తెల్లబడింది. రిలే కాలి మీద ఒక్క చుక్క. బోర్డుకు కరెంటు ఇవ్వగానే రిలే టక్కుమంది.

రాజు గారు బోర్డు పట్టుకుని బండి మీద దూసుకుపోయారు. మంగతాయారు నన్ను విప్పి తుక్కు డబ్బాలో వేసింది.

వెలుగు పోకముందే ఫోన్ మోగింది. ఆమె స్పీకర్ పెట్టింది.

"తిరుగుతున్నాయండీ, ఆయ్! నాలుగూ తిరుగుతున్నాయి!" వెనక నీళ్ల చప్పుడు. "ఇంతకీ నా కొంప ముంచబోయిన ఆ మహానుభావుడెవరండీ?"

"సూరేనండి. రేపు పొద్దున్నే వాడి సంగతి చూస్తాను," అంది మంగతాయారు.

తుక్కు డబ్బాలో వేళ్లు కదిలాయి. నన్ను పైకి తీశాయి. అదే పట్టు.

"సూరిని ఏమీ అనకమ్మాయ్," అని, ఆచారి గారు ఫోన్ వైపు వంగి రాజు గారికి వినబడేలా చెప్పారు. "కామేశ్వరాచారి అండీ రాజు గారూ. రోజూ పొద్దున్నే దేవుడికి అగరొత్తి వెలిగించి, దీనికి ఆకురాయి పట్టింది నేనే."