లక్నవరం కట్ట మీద నిద్ర

మా ఆయన వెంకట్రాజానికి ఏదైనా పిచ్చి లేచిందంటే ఇక ఆగదు. మా అత్త పోయిన మూడో నెలలో హసన్‌పర్తిలోని కిరాణా దుకాణానికి తాళం వేశాడు. లూనా వెనక టార్పాలిన్ గుడ్డా, రెండు గాలం కర్రలూ కట్టాడు. నా ఒళ్ళో బియ్యం మూటా, గిన్నెలూ పెట్టి లక్నవరం చెరువుకు బయల్దేరదీశాడు. ఈ వయసులో వీళ్ళకు షికారేమిటని బజారంతా నవ్వింది. నవ్వనీ, నాకేం! నలభై ఆరేళ్ళు వచ్చాయి. నాకు కావలసింది చేపలూ కాదు, చెరువూ కాదు. ఒక్క రాత్రి నిద్ర.

మా దగ్గర ఇంట్లో మనిషి పోతే, దినాలు అయ్యాక చుట్టాలు వచ్చి పిలుచుకుపోతారు. వాళ్ళింట్లో ఒక రాత్రి పడుకుని రావాలి. దాన్నే నిద్ర చేయడం అంటారు. అప్పుడుగానీ చావు భారం దిగినట్టు కాదు. వర్ధన్నపేట నుంచి మా అన్న రామలింగం వచ్చి మమ్మల్ని పిలుచుకుపోయాడు. యాటను కోశాడు, కొత్త బట్టలు పెట్టాడు, నవారు మంచం వేశాడు. ఆ మంచం మీద తెల్లవార్లూ కళ్ళు తెరుచుకునే ఉన్నాను. మా వదిన ఊరుకుంటుందా? "నిద్ర పట్టకపాయె, ఇగ నిద్ర జేసినట్టెట్లయితది?" అనేసింది. ఆ మాటను మా ఆయన పట్టుకున్నాడు. ఆడబిడ్డ ఇంటికి తిప్పాడు, మేనమామ ఇంటికి తిప్పాడు, చివరికి పెద్దమ్మ కొడుకు ఇంటికి కూడా తీసుకుపోయాడు. నాలుగు ఇళ్ళల్లో కోళ్ళూ యాటలూ పోయాయిగానీ నాకు కన్ను మూతపడలేదు. చుట్టాలు అయిపోయారు. ఇక మిగిలింది చెరువు కట్టే.

నిద్ర ఎందుకు పట్టడం లేదో ఆయనకు చెప్పలేదు. ఏ నోటితో చెప్పాలి? అత్తకు పక్షవాతం వచ్చి పదకొండేళ్ళు. రాత్రి రెండు గంటలకోసారి లేచి ఆమెను పక్కకు తిప్పాలి, లేకపోతే వీపు పుండ్లు పడుతుంది. ఏదైనా కావలిస్తే గిలాసతో మంచం పట్టె మీద కొట్టేది. నేను లేచేదాన్ని. పదకొండేళ్ళలో ఒకే ఒక్క రాత్రి మాత్రం లేవలేదు. ఆ రోజు పగలంతా కారం దంచి ఒళ్ళు హూనమైంది. మొద్దులా పడి తెల్లారేదాకా నిద్రపోయాను. లేచి చూస్తే అత్త చల్లబడి ఉంది. ఎన్నిసార్లు కొట్టిందో ఆ పట్టెను! ఎన్నిసార్లు నా కోసం చూసిందో! కళ్ళు మూస్తే చాలు, అదే చప్పుడు.

ములుగు రోడ్డులో ఎత్తు వచ్చిన చోటల్లా లూనా మొరాయించింది.

"జర దిగవే, ఎత్తున్నది," అన్నాడు.

"ఎక్కినప్పటి సంది దిగుడే అయితాంది. నడిసొస్తే ఈపాటికి చేరుదుము."

"ఫికర్ జెయ్యకు. చెరువు గాలికి నిద్ర ఉరికొస్తది సూడు."

"నీ లూనా మీదొస్తే ఈ ఏడు రాదు," అన్నాను, వెనక నుంచి తోస్తూ.

చేరేసరికి నడుం విరిగిపోయింది. అసలు ఈ షికారు ఎవరికి? ఇంట్లో పొయ్యి రాజేసేది నేనే, ఇక్కడ రాళ్ళు ఏరి పొయ్యి పెట్టిందీ నేనే. కట్టెలు ఏరాను, నీళ్ళు మోశాను, టార్పాలిన్ నాలుగు మూలలూ కట్టాను. ఆయన మాత్రం ఎర్రలు గుచ్చి గాలం వేసి దొరలా కూర్చున్నాడు. పొద్దుగూకేదాకా పడింది ఒకే ఒక్క పరక చేప, నా బొటనవేలంత. వలలు వేసే పోశయ్య మా అవస్థ చూసి ఒక కొర్రమట్టను ఇచ్చి పోయాడు. పులుసు పెట్టాను. తిన్నాం. ఆ రాత్రి ఆయన గురక పెట్టాడు, నేను విన్నాను.

మర్నాడు మధ్యాహ్నం నీళ్ళ ఒడ్డున ఇద్దరం చెరొక కర్ర పట్టుకుని కూర్చున్నాం. "రాత్రి పట్టిందా?" అని అడిగాడు. పట్టలేదన్నాను. "ఎల్లుండి మేడారం దిక్కు పోదామా? ఆడ అడివి సల్లగుంటది," అన్నాడు. ఇంకా తిప్పుతాడట! నా ఓపిక అయిపోయింది.

"ఏడికీ వద్దు. ఏడ పండుకున్నా పట్టది. అత్త సచ్చిపోయిన్నాడు నేను మొద్దు నిద్ర పోయిన. ఆమె పిలిచినా లేవలే. నేనే సంపిన ఆమెను, నేనే," అన్నాను. ఏడుపు తన్నుకొచ్చింది.

ఆయన గాలం బెండు బుడుంగున మునిగింది. ఆయన లాగలేదు.

"కొట్టింది. పట్టె సప్పుడు నేను ఇన్న," అన్నాడు చివరికి. "గీ పదకొండేండ్లల్ల గా ఒక్కనాడే నేను లేసిన. నిన్ను లేపుదామని రాబోతే అమ్మ వద్దన్నది. 'పిల్లను లేపకురా, పండుకోనియ్యి' అన్నది. నీళ్ళడిగింది. గిలాస నోటికి పెట్టి తాగిచ్చిన. పొరబోయింది. మస్తు దగ్గింది. జరసేపటికి తగ్గినంక, 'నువ్వు గూడ పో, పండుకో' అన్నది. పొయ్యి పండుకున్న. తెల్లారి..."

నాకు ఒళ్ళు మండిపోయింది. చేతిలో కర్రను నీళ్ళలోకి విసిరికొట్టాను.

"మూడు నెలలు! మూడు నెలలాయె నేను సావక బతకక! నాలుగిండ్లు తిప్పినవ్, గీ ముచ్చట జెప్పనీకి నోరు రాలేదా నీకు?"

"ఎట్ల జెప్పాలెనే? తల లేపకుంటనే తాగిచ్చిన. నాకేం తెల్సు? ఎన్నడన్న తాగిచ్చిన్నా? గా నీళ్ళే పానం తీసినయేమో అని భయం. నాకూ ఏడా నిద్ర పట్టలే. నువ్వన్న పండుకుంటవని గురక కొట్టినట్టు జేసిన."

పక్షవాతం వచ్చిన మొదటి వారంలోనే దవాఖానలో డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి చెప్పింది. ఈమెకు మింగుడు సరిగ్గా పడదు, తల ఎత్తిపట్టి చెంచాతో కొంచెం కొంచెంగా పోయాలి, గిలాసతో పోస్తే ఊపిరికి అడ్డం పడి ప్రాణం పోతుంది అని. ఆ రోజు ఆయన దుకాణంలో ఉన్నాడు. నేను తర్వాత చెప్పనూ లేదు, ఆయన అడగనూ లేదు. నీళ్ళు పోసేది నేనే కదా, ఆయనకెందుకు అనుకున్నాను.

ఆయన నా మొహంలోకి చూస్తున్నాడు. నేనేమంటానో అని యాభై రెండేళ్ళ మనిషి కాచుకుని కూర్చున్నాడు. గడ్డం మాసింది, కళ్ళు గుంటలు పడ్డాయి. మూడు నెలలుగా నా కళ్ళ గోలే తప్ప ఆయన కళ్ళు చూడలేదు నేను. నా కోపమంతా ఎటు పోయిందో పోయింది.

"నీళ్ళు తాగితే ఎవలన్న సస్తరా, పిచ్చోడా?" అన్నాను. "పనితోటి ఆగమాగమున్ననాడు నేను గూడ గిలాసతోనే తాగిచ్చేదాన్ని. గట్లనే పొరబోయేది, దగ్గేది, మల్ల మంచిగయ్యేది. ఆమె దినాలు నిండినయ్, పోయింది."

"నిజంగనా?"

"నిజంగ."

"ఒట్టు?"

"నీ మీద ఒట్టు," అని ఆయన తల మీద చెయ్యి పెట్టాను.

నా చేతి కిందే ఆయన భుజాలు జారాయి. కట్ట గడ్డి మీద అలాగే ఒరిగిపోయాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఈసారి గురక లేదు, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. ఎండ మొహం మీద పడకుండా కొంగు అడ్డం పట్టుకుని కూర్చున్నాను. పిల్లను లేపకురా అన్నదట మా అత్త. ఆ మాట తలుచుకుంటే మూడు నెలల తర్వాత నాకూ ఒక ఆవలింత వచ్చింది.

కట్టుకున్నవాడి తల మీద చెయ్యి పెట్టి అబద్ధపు ఒట్టు వేశాను. పదకొండేళ్ళలో ఒక్కనాడు కూడా నేను ఆమెకు తల ఎత్తకుండా నీళ్ళు పోయలేదు.